హైకె అనే పేరు: ఎలా పలకాలి, ఎలా రాయాలి, ఆవిడను ఎలా పిలవాలి

నర్సు ఉద్యోగానికో, చదువుకో జర్మనీ వెళ్లాలనుకునే పిల్లలకు నేను విశాఖపట్నంలో జర్మన్ చెబుతాను. ద్వారకానగర్‌లో మేడ మీద ఒక గది, తెల్లబోర్డు, పన్నెండు కుర్చీలు, అంతే. వచ్చిన వాళ్లందరూ వ్యాకరణం గురించే టెన్షన్ పడతారు. కానీ నేను చూసినంతలో మొదటి దెబ్బ తగిలేది వ్యాకరణం దగ్గర కాదు, మనిషి పేరు దగ్గర. అవతలి మనిషి పేరు తప్పుగా పలికి, తప్పుగా రాసి, ఆడో మగో పోల్చుకోలేక మొదలుపెట్టిన మాట ఆ తర్వాత ఎంత బాగా సాగినా ఎక్కడో కుంటుతుంది. అందుకని ఒకే ఒక్క పేరు పట్టుకుని మొత్తం చెప్తాను. ఈ ఒక్కటి సరిగ్గా వస్తే మిగతా జర్మన్ ఆడపేర్లు సగానికి పైగా వచ్చేసినట్టే.

ఆ పేరు హైకె.

పోయిన ఏడాది గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయికి జర్మనీలో ఓ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడినావిడ తన పేరు చెప్పి, ఫలానా సర్టిఫికెట్ ఈ మెయిల్‌కి పంపమని ఒక్కో అక్షరం విడదీసి నెమ్మదిగా చెప్పింది: హా, ఏ, ఈ, కా, ఏ. మా అమ్మాయి విన్నది విన్నట్టే రాసుకుంది. హెచ్, ఏ, ఈ, కే, ఏ. మెయిల్ తిరిగొచ్చేసింది. మళ్లీ పంపింది, మళ్లీ వచ్చేసింది. మూడోరోజు పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకుని వచ్చి, "మేడమ్, ఆవిడ పేరు హేకా అట, కానీ ఆ అడ్రసే లేదంటోంది, ఏం చెయ్యాలి?" అని ఏడుపు మొహంతో నిలబడింది. ఆ పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది, నీలం ఇంకుతో ఐదు అక్షరాలు, ఒక్కోదాని కింద రెండేసి గీతలు, అంత జాగ్రత్తగా రాసుకుంది పాపం. తప్పు ఆ అమ్మాయి చెవిది కాదు. మనం ఇంగ్లీషులో ఈ అనే అక్షరాన్ని జర్మన్ వాళ్లు ఏ అంటారు, మనం ఐ అనే అక్షరాన్ని ఈ అంటారు. మనం చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు అక్షరాల పేర్లకు అలవాటు పడ్డాం కాబట్టి ఏ అని వినబడగానే ఇంగ్లీషు ఏ రాసేస్తాం. ఆవిడ చెప్పింది ఇంగ్లీషు లెక్కలో హెచ్, ఈ, ఐ, కే, ఈ. పేరు హైకె.

కాబట్టి నా మొదటి మాట ఏంటంటే, జర్మన్ పేరును ఇంగ్లీషు గుమ్మం గుండా లోపలికి తీసుకురాకండి. నేరుగా తెలుగులోకి తెచ్చుకోండి. మన లిపికి ఆ పని ఇంగ్లీషు కంటే బాగా వచ్చు.

పలకడం

హై అనేది హైదరాబాద్‌లో హై. అంతకంటే ఏమీ లేదు. జర్మన్‌లో ఈ, ఐ పక్కపక్కన ఆ వరసలో వస్తే ఎప్పుడూ ఐ అనే పలకాలి. అదే వరస తిరగబడి ఐ, ఈ అని వస్తే దీర్ఘం ఈ. మనవాళ్లు ఈ రెండూ తారుమారు చేసి "హీకే" అంటారు. గుర్తుండడానికి ఒక మనిషి పేరు చెప్తాను. హైకె రీల్ అని ఒక భౌతిక శాస్త్రవేత్త ఉన్నారు, జ్యూరిక్ దగ్గర ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తారు, టీవీల్లో ఫోన్లలో ఇప్పుడు మనం చూసే ఓలెడ్ తెరల మీద, ఆ తర్వాత నానో ఎలక్ట్రానిక్స్ మీద పనిచేసినావిడ. ఆవిడ ముందుపేరులో ఈ-ఐ ఉంది, ఇంటిపేరులో ఐ-ఈ ఉంది. హైకె, రీల్. రెండు సూత్రాలూ ఒకే పేరులో దొరుకుతాయి. ఈ పేరు రోజుకి ఓ పదిసార్లు అనుకుంటే చాలు, జీవితంలో మళ్లీ తారుమారవదు.

ఇక చివరి కె. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఆఖరి అక్షరాన్ని మింగేసి "హైక్" అంటారు, జీతం హైక్ అన్నట్టు. మిగతావాళ్లు సాగదీసి "హైకే" అంటారు. జర్మన్‌లో చివర రాసిన ఈ అక్షరాన్ని మింగరు, సాగదీయరు, పొట్టిగా తేలిగ్గా వదిలేస్తారు. మన పొట్టి ఎ కి, అ కి మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ శబ్దం. హిందీలో పొట్టి ఎ కి విడిగా గుర్తు లేదు, ఇంగ్లీషులో చెప్పాలంటే నానా తంటాలు. మనకి కె, కే వేరువేరుగా ఉన్నాయి కదా, వాడుకుందాం. తెలుగులో అంకె అనే మాటను ఎలా పలుకుతారు? ఆ చివరి కె యే ఇది. హై తెచ్చి అంకెలోని కె కి తగిలించండి. అయిపోయింది. బలం మొదటి భాగం మీద పెట్టండి, రెండోది నెమ్మదిగా జారిపోవాలి.

అన్నట్టు అంకె అనే పేరు కూడా జర్మన్‌లో ఉంది! అచ్చం మన అంకెలాగే పలుకుతారు, సున్నాతో సహా. టెన్నిస్ చూసేవాళ్లకు అంకె హూబర్ గుర్తుండొచ్చు, 1996లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌కి వచ్చి మోనికా సెలెస్ చేతిలో ఓడిపోయింది. క్లాసులో ఈ పేరు చెప్పగానే పిల్లల మొహాలు వెలుగుతాయి, ఎందుకంటే అప్పటిదాకా కొరుకుడుపడని భాషలో ఒక పేరు మన ఇంట్లో మాటలా వినబడుతుంది. ఆ ధైర్యంతోనే ఎల్కె, జిల్కె, ఫ్రావ్‌కె అన్నీ చకచకా వచ్చేస్తాయి. జిల్కె పేరును ఇంగ్లీషు ఎస్ అక్షరంతో రాస్తారు కానీ పలికేది జీరో అనేటప్పుడు వచ్చే జ తో. అచ్చు ముందు వచ్చే ఎస్ జర్మన్‌లో అలా మారుతుంది. స్టెఫీ గ్రాఫ్ అని మన పేపర్లు ఏళ్ల తరబడి రాశాయి, జర్మన్ వాళ్లు అనేది ష్టెఫి. మాట మొదట్లో ఎస్-టీ కలిసి వస్తే ష్ట.

అర్థం ఏమిటి, ఎక్కడిది

హైన్‌రిష్ అనే పాత మగపేరు ఉంది. పాత జర్మన్‌లో హైమ్ అంటే ఇల్లు, రెండో ముక్కకు ఏలిక అని అర్థం. ఇంటి ఏలిక. దానికి ఉత్తర జర్మనీ వాళ్లు, సముద్రం పక్క చదునునేలల వాళ్లు, తమ మాండలికంలో కె తగిలించి ముద్దుగా, పొట్టిగా చేసుకున్న రూపం హైకె. ఈ కె అనే తోక చిన్నతనాన్ని, ముద్దుని చెబుతుంది. సత్యవతిని సత్తి అని, నరసమ్మను నర్సి అని మన పెద్దవాళ్లు పిలిచేవాళ్లు చూడండి, ఆ పద్ధతే. తేడా ఏమిటంటే అక్కడ ఆ ముద్దుపేరే రికార్డుల్లోకి ఎక్కి అసలు పేరైపోయింది. అన్నా నుంచి అంకె, ఆడెల్‌హైడ్ నుంచి ఎల్కె, జర్మన్‌లో స్త్రీని చెప్పే ఫ్రావ్ నుంచి ఫ్రావ్‌కె. అంటే చిన్న అమ్మగారు! నాకు చాలా ఇష్టమైన పేరు అది.

కానీ చివర కె కనబడిన ప్రతిదీ ఈ గుంపుది కాదు. ఉల్రీకె, ఫ్రీడెరీకె వేరే. అవి ఉల్రిష్, ఫ్రీడ్రిష్ అనే మగపేర్లకు ఆడరూపాలు, వాటిలో బలం మధ్యలోని రీ మీద పడుతుంది. హైకె లాగా మొదట్లో ఒత్తి పలికితే వినేవాళ్లకు వింతగా ఉంటుంది.

ఆడో మగో పోల్చుకోవడం

ఇది తప్పితే నిజంగా ఇబ్బంది. ఒక అబ్బాయి, ఇంజనీరింగ్ అయిపోయి మాస్టర్స్‌కి అప్లై చేసుకుంటున్నవాడు, యూనివర్సిటీ ఆఫీసులో హైకె అనే ఆవిడకు "అయ్యా" అని ఉత్తరం పెట్టాడు. ఎందుకు రా అంటే, "మేడమ్, ఫిజిక్స్‌లో కామర్లింగ్ ఓన్నెస్ ఉన్నాడు కదా, ఆయన పేరు అదే" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. 1908లో హీలియంను మొదటిసారి ద్రవంగా మార్చి, 1911లో పాదరసంలో సూపర్‌కండక్టివిటీ (కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే గుణం) కనిపెట్టి, 1913లో నోబెల్ తీసుకున్న ఆయన హైకె కామర్లింగ్ ఓన్నెస్. మగవాడే. కానీ ఆయన జర్మన్ కాదు, నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్‌లో పుట్టినవాడు. ఆ వైపు ఈ పేరు మగవాళ్లకూ పెట్టారు. డచ్ వాళ్లు పలికేది కూడా హైకె అని కాదు, హెయ్‌కె కి దగ్గరగా ఉంటుంది. జర్మనీలో మాత్రం హైకె అంటే స్త్రీ అనే అనుకోండి, తప్పు పోవడం చాలా అరుదు.

మన ప్రాంతం వాళ్లకు ఇది విచిత్రంగా అనిపించకూడదు. మన ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది. ఓటర్ల జాబితాలో సింహాచలం అని కనబడితే భర్త పేరో తండ్రి పేరో పక్కన చూస్తే గానీ తెలియదు. బయటి జిల్లా నుంచి వచ్చినవాడు ఎలా తడబడతాడో మనం హైకె దగ్గర అలా తడబడతాం, అంతే.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పేరు చూస్తే ఆడో మగో తెలిసి తీరాలని జర్మనీలో చాలాకాలం అధికారులు పట్టుబట్టేవాళ్లు. తెలియకపోతే రెండో పేరు తగిలించమనేవాళ్లు. ఆ పద్ధతి మీద 2008 డిసెంబరులో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది, పేరు లింగాన్ని చూపించాలన్న నియమం చట్టంలో ఎక్కడా లేదని. ఆ కేసులో పాప పేరు ఏంటో తెలుసా? కిరణ్. మన పేరే. ఒక ఆడపిల్లకు కిరణ్ అని పెట్టుకుంటామని తల్లిదండ్రులు కోర్టుకెళ్లి గెలిచారు. కిరణ్ అంటే మనకైనా వెంటనే మగపిల్లవాడే గుర్తొస్తాడు కదా.

అయినా అనుమానం ఉంటే ఉత్తరంలో లింగం తేలని పద్ధతి ఒకటుంది: గూటెన్ టాక్ అని రాసి, పక్కన ముందుపేరు, ఇంటిపేరు రెండూ రాయండి. ఎవరికీ నొప్పి ఉండదు.

నెట్‌లో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. ఉత్త హైకె అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే జపాన్ చరిత్ర వచ్చి పడుతుంది. అక్కడ తైరా అనే పాత వంశానికి ఇంకో పేరు హేకె, స్పెల్లింగ్ ఇదే, 1185లో సముద్రం మీద జరిగిన యుద్ధంలో ఓడిపోయిన వంశం. దానికి దీనికి సంబంధమే లేదు. ఇంటిపేరు కలిపి వెతకండి.

ఈ పేరున్నవాళ్లు

పేరు నోటికి అలవాటు కావాలంటే దాని వెనక ఒక మనిషి కనబడాలి. నేనైతే పిల్లలకు ముందు హైకె డ్రెక్స్‌లర్ గురించి చెబుతాను. లాంగ్‌జంప్. 1964 డిసెంబరులో తూర్పు జర్మనీలోని గేరాలో పుట్టింది. 1983లో హెల్సింకీలో మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగితే పద్దెనిమిదేళ్ల వయసులో గెలిచింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను తూర్పు జర్మనీ బహిష్కరించింది కాబట్టి వెళ్లలేకపోయింది. 1986లో 200 మీటర్ల పరుగులో 21.71 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది. సియోల్ ఒలింపిక్స్‌లో, 1988లో, లాంగ్‌జంప్‌లో రజతం, 100 మీటర్లలో, 200 మీటర్లలో కాంస్యం. బంగారం మాత్రం అందలేదు. అది 1992లో బార్సిలోనాలో 7.14 మీటర్లు దూకి తెచ్చుకుంది. ఆ తర్వాత అట్లాంటాకి గాయం వల్ల వెళ్లలేదు, అందరూ అయిపోయిందనుకున్న వయసులో, ముప్ఫై ఐదేళ్లకు, 2000లో సిడ్నీలో 6.99 మీటర్లు దూకి మళ్లీ బంగారం. ఆడవాళ్ల లాంగ్‌జంప్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది ఇప్పటిదాకా ఆవిడొక్కతే. ఈ కథ చెప్పినప్పుడల్లా పరీక్ష ఒకసారి తప్పిన పిల్లలు కాస్త నిటారుగా కూర్చోవడం నేను చూశాను.

ఆవిడ ఇంటిపేరులో సీ-హెచ్-ఎస్ కలిసి వస్తాయి, దాన్ని క్స్ అని పలకాలి. చివరి అర్ కూడా గట్టిగా అనరు, డ్రెక్స్‌లా అన్నట్టు వినబడుతుంది. ఇంకో సంగతి, 1983 నాటి ఫలితాల్లో డ్రెక్స్‌లర్ అని వెతికితే దొరకదు. అప్పటికి ఆవిడ హైకె డౌటె. పెళ్లి 1984లో. జర్మన్ కాగితాల్లో గెబోరెనె అనే మాట, లేదా దాని పొట్టి రూపం గెబ్ అని పేరు తర్వాత కనబడితే అది పుట్టింటి ఇంటిపేరు. ఆ మాటకు అర్థమే పుట్టినది అని.

ఆ బార్సిలోనాలోనే ఇంకో హైకె కూడా గెలిచింది. హైకె హెంకెల్, హైజంప్‌లో 2.02 మీటర్లు. ఆవిడా 1964లోనే పుట్టింది, కీల్‌లో. ఒకే దేశం జెర్సీ, ఒకే ఏడాది పుట్టుక, ఒకే పేరు, ఒకే ఒలింపిక్స్, ఇద్దరికీ బంగారం. ఇంటిపేరు లేకుండా హైకె గెలిచింది అంటే ఎవరికి అర్థమవుతుంది? ఈత వైపు వెళ్తే హైకె ఫ్రీడ్రిష్, సియోల్‌లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ విజేత. ఈవిడ పేరులో కూడా రీల్ గారిలాగే ఈ-ఐ, ఐ-ఈ రెండూ ఉన్నాయి. ఆటలు వదిలేస్తే, వైమార్‌లో 2019లో తెరిచిన బౌహౌస్ మ్యూజియం భవనానికి రూపం ఇచ్చిన ఆర్కిటెక్ట్ హైకె హనాడా. నటి హైకె మకాచ్ 1971లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో పుట్టింది, 2003 నాటి లవ్ యాక్చువల్లీ సినిమా చూసినవాళ్లు ఆవిడను చూసే ఉంటారు.

పుట్టిన సంవత్సరాలు గమనించారా? డ్రెక్స్‌లర్, హెంకెల్ 1964, మకాచ్ 1971, ఇక ఫ్రీడ్రిష్ 1970. ఈ పేరు 1960ల్లో, 70ల మొదట్లో విపరీతంగా పెట్టారు. మనకు సుబ్బలక్ష్మి అంటే ఒక తరం, శ్రావ్య అంటే ఇంకో తరం తడుతుంది కదా, హైకె కూడా అలాంటిదే. చిన్నవాళ్లు లేరని కాదు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో డైవింగ్‌లో కాంస్యం తెచ్చిన హైకె ఫిషర్ 1982లో పుట్టింది. అయినా మీకు మెయిల్ పెట్టిన హైకె గారు యాభై దాటినావిడ అని అనుకుని మర్యాద పాటించడమే మంచిది.

పిలవడం

మొదటిసారి, ఎప్పుడైనా సరే, ఫ్రావ్ అని ఇంటిపేరు. ఫ్రావ్ డ్రెక్స్‌లర్, ఫ్రావ్ హెంకెల్. ఫ్రావ్ హైకె అనకూడదు. మనం లక్ష్మి గారు అంటాం, ఇంటిపేరుతో పిలవడం మనకు స్కూలు హాజరుపట్టీలోనే. అందుకే మన పిల్లలందరూ మొదట్లో ఫ్రావ్ హైకె అనేస్తారు, వాళ్లకు అది గారు పెట్టినట్టు అనిపిస్తుంది. జర్మన్ వాళ్ల చెవికి అది సగం దగ్గరితనం, సగం దూరం కలిసిన వింత పిలుపు. మేడమ్ అని కూడా వద్దు. పెళ్లి కాని వాళ్లకు ఫ్రోయిలైన్ అని పాత పుస్తకాల్లో ఉంటుంది, దాన్ని పూర్తిగా మర్చిపోండి. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1972లోనే ఆఫీసు వాడకంలోంచి తీసేసింది. పెళ్లయినా కాకపోయినా ఫ్రావ్ ఒక్కటే.

వాళ్లకూ మీరు, నువ్వు ఉన్నాయి: జీ, డూ. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మీడియం తలకాయ పక్కన పెట్టి తెలుగు తలకాయతో ఆలోచిస్తే తప్పు జరగదు. మీరు అనాల్సిన చోట జీ. అయితే కొన్నాళ్లు కలిసి పనిచేశాక పెద్దావిడే ఒకరోజు, ఇక డూ అనుకుందాం, నేను హైకె, అంటుంది. ఆ మాట పెద్దవాళ్ల వైపు నుంచే రావాలి, మనం తొందరపడకూడదు. వచ్చాక మాత్రం ఉత్త హైకె అనాల్సిందే. అమ్మ వయసు మనిషిని పేరు పెట్టి, నువ్వు అని పిలవడానికి మన నోరు రాదు, నాకు తెలుసు. నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల్లో ఒకామె ఆరు నెలలు ఏ పేరూ వాడకుండా, ఆవిడ తనవైపు చూసేదాకా ఆగి మాట్లాడేదట. అలా చేస్తే దూరం పెడుతున్నారని వాళ్లు బాధపడతారు. ఇంట్లో అమ్మతో తెలుగులో చెప్పేటప్పుడు హైకె గారు అనుకోండి, అక్కడ మాత్రం హైకె.

నర్సులుగా వెళ్లేవాళ్లకు ఇంకోటి. పాత అలవాటున్న రోగులు ష్వెస్టర్ హైకె అంటారు, మన ఆసుపత్రుల్లో సిస్టర్ అన్నట్టే. 2020 నుంచి చదువు పూర్తి చేసిన నర్సుకు అధికారిక పేరు ఫ్లేగెఫాహ్‌ఫ్రావ్ అయింది, చాలా వార్డుల్లో ఇప్పుడు ఇంటిపేరుతోనే పిలుచుకుంటున్నారు. వెళ్లిన మొదటిరోజు మీ వార్డులో ఏది నడుస్తోందో విని అదే పట్టుకోండి.

ఉత్తరం రాయడం చిన్న పనే. జేర్ గెఏర్‌టె ఫ్రావ్ (గౌరవనీయులైన అమ్మగారికి) అని, ఇంటిపేరు రాసి, కామా పెట్టి, కింది లైను చిన్న అక్షరంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే వాళ్ల లెక్కలో వాక్యం ఇంకా నడుస్తోంది. మొదటి మాట నామవాచకం అయితేనో, మర్యాద మీరు అయితేనో పెద్ద అక్షరం ఉంటుంది. చివర మిట్ ఫ్రోయిండ్‌లిషెన్ గ్రూసెన్ (స్నేహపూర్వక నమస్కారాలతో), దాని తర్వాత కామా ఉండదు. గ్రూసెన్‌లో రెండు చుక్కల యూ మీ కీబోర్డులో లేకపోతే యూ పక్కన ఈ కొట్టండి, అదే మాటలో బీ లా కనబడే వింత ఎస్‌కి బదులు రెండు ఎస్‌లు. హైకె పేరులో చుక్కలేమీ లేవు కాబట్టి పేరు తప్పే ప్రశ్నే లేదు. డూ అనుకున్నాక లీబె హైకె (ప్రియమైన హైకె).

ఫోన్‌లో అక్షరాలు

మళ్లీ ఆ నీలం ఇంకు పేజీ దగ్గరికి వస్తాను. గోడకు అంటించుకోవాల్సిన అక్షరాలు ఇవి: ఇంగ్లీషు ఏ ని ఆ అంటారు, ఈ ని ఏ అంటారు, ఐ ని ఈ అంటారు. జే ని యోట్, వీ ని ఫావ్, డబ్ల్యూ ని వే, జెడ్ ని త్సెట్, వై ని ఉప్సిలోన్. వే అని వినబడితే మన చెయ్యి వీ రాస్తుంది, రాయాల్సింది డబ్ల్యూ. చుక్కను పుంక్ట్ అంటారు. జర్మన్‌లో మొదటి మెట్టైన ఏవన్ పరీక్షకు హైదరాబాదో చెన్నయ్యో వెళ్లినప్పుడు మాట్లాడే భాగంలో మొదటే ఒక మాటకు అక్షరాలు చెప్పమంటారు కాబట్టి ఇది ఎలాగూ నేర్చుకోవాల్సిందే.

అనుమానం వస్తే సిగ్గుపడకుండా, ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చెప్పమని అడగండి. వాళ్ల పాత పద్ధతిలో హా కి హైన్‌రిష్, ఏ కి ఎమిల్, ఈ కి ఈడా, కా కి కావ్ఫ్‌మాన్. చూడండి, హైకె పేరు విడదీస్తే మొదటి మాటే హైన్‌రిష్ వస్తుంది, ఆ పేరు పుట్టింది దాంట్లోంచే. 2022లో ఆ పట్టిక మార్చి ఊళ్ల పేర్లు పెట్టారు, హాంబుర్గ్, ఎస్సెన్, ఇంగెల్‌హైమ్, కెల్న్, ఎస్సెన్. ఫోన్‌లో పెద్దవాళ్లు ఇంకా పాతదే వాడుతుంటారు. రెండూ తెలిసి ఉంటే మంచిది.

మీ పేరు కూడా వాళ్లకు ఇంతే కష్టం అని మర్చిపోకండి. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల అక్షరాలు అలా చదువుతాయి. జే అక్షరాన్ని య అని పలుకుతారు కాబట్టి జానకి యానకి అవుతుంది, సునీతలో ఎస్ జ లా వినబడుతుంది. వైజాగ్‌ను రాసింది రాసినట్టు చదివితే జెడ్ కాస్తా త్స అవుతుంది. మన విశాఖ అమ్మాయి, హర్డిల్స్‌లో 2023 ఆసియా ఛాంపియన్ జ్యోతి యర్రాజి పేరు వాళ్ల లెక్కలో చదివితే రెండు మాటల్లోనూ జ ఎగిరిపోతుంది. మీరు ముందే, నవ్వుతూ, ఒకసారి పలికి చూపిస్తే చాలామంది శ్రద్ధగా నేర్చుకుంటారు. దానికి నేను ఇచ్చే చిట్కా డ్షుంగెల్. దట్టమైన అడవికి జర్మన్ మాట. మన జంగిలే అక్కడిదాకా వెళ్లింది, పలికేటప్పుడు మొదటి శబ్దం జ కి చాలా దగ్గరగా ఉంటుంది. ఏ జర్మన్ మనిషికైనా తెలిసిన మాట.

గాజువాక అమ్మాయి ఆరోజు నా ఎదురుగానే మెయిల్ సరిచేసి పంపింది. వారం తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది, ఈసారి మా క్లాసు జరుగుతుండగానే. అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఫ్రావ్ అని ఇంటిపేరు పెట్టి పలకరించింది, గొంతు కొంచెం వణికింది కానీ పేరు తప్పలేదు. అవతలి నుంచి హైకె గారే, "మీ పేరు సరిగ్గా ఎలా పలకాలో చెప్పండి, నేను తప్పు పలుకుతున్నట్టున్నాను" అని అడిగింది. మా అమ్మాయి పేరు జ తో మొదలవుతుంది. ఒక్క క్షణం నావైపు చూసి, "యోట్, కానీ డ్షుంగెల్‌లో లాగా" అంది. అవతల ఆవిడ నెమ్మదిగా, రెండుసార్లు, పేరు పలికింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.